పెద్ద సంఖ్యను పెన్నూ కాగితంతో విప్పడం ఎలా: బెంగళూరు పిన్‌కోడ్ 560001తో ఒక పాఠం

ఐదు లక్షల అరవై వేల ఒకటి. విధానసౌధకు దగ్గర్లో ఉన్న బెంగళూరు జీపీఓ పిన్‌కోడ్ ఇది. ఈ ఊళ్ళో ఉంటున్న తెలుగువాళ్ళలో చాలామంది ఏదో ఒక ఫారంలో దీన్నో, దీని పక్కన ఉండే ఇంకో 560నో రాసే ఉంటారు. చిరునామాలో భాగంగా రాసి వదిలేస్తాం, సంఖ్యగా చూడం. ఒకసారి సంఖ్యగా చూడమని అడగడానికే ఇది రాస్తున్నాను. ఆరంకెల సంఖ్య చేత్తో లెక్క చెయ్యడానికి సరిగ్గా సరిపోయే సైజు. చూడగానే జవాబు తెలిసిపోయేంత చిన్నది కాదు, కాగితానికి లొంగనంత పెద్దదీ కాదు.

మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఆదివారాలు లెక్కలు చెప్తుంటాను. వాళ్ళు ఎక్కువగా అడిగేది ఒకటే, ఇంత పెద్ద నంబర్ ప్రైమా కాదా అని ఎలా తెలుస్తుంది అని. దానికి నేను చెప్పే మాట ఇది: ఒక సంఖ్య గురించి మీరు అడగాలనుకునే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దాని ప్రధాన కారణాంకాల్లోనే ఉంటుంది. ఎన్ని కారణాంకాలు ఉన్నాయి, వాటి మొత్తం ఎంత, రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చా, ఒకటిని దానితో భాగిస్తే దశాంశాలు ఎన్ని అంకెలకు తిరిగి మొదలవుతాయి, అన్నీ అక్కడినుంచే వస్తాయి. కాబట్టి కష్టమంతా విడగొట్టడంలో పెట్టాలి, అదీ సరైన వరుసలో పెట్టాలి. వరుస తప్పితే పది నిమిషాల పని గంట పడుతుంది.

ముందు కళ్ళతో చూడండి, భాగహారం తర్వాత

చివరి అంకె 1. అంటే 2తో పోదు, 5తో పోదు. అంకెలు కూడితే 5 + 6 + 0 + 0 + 0 + 1 = 12, కాబట్టి 3 ఎక్కంలో పోతుంది, 9 ఎక్కంలో పోదు. ఈ మాట చాలామంది ఇక్కడితో వదిలేస్తారు గానీ 3తో పోయి 9తో పోకపోవడం అనేది చాలా విషయాలు చెప్తుంది. అలాంటి సంఖ్య ఏ పూర్ణసంఖ్యకీ వర్గం కాదు, ఘనం కాదు, అసలు ఏ పెద్ద ఘాతమూ కాదు, ఎందుకంటే వర్గంలో 3 కనీసం రెండుసార్లు ఉండాలి. ఇంకో అడుగు ముందుకేస్తే, అలాంటి సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా కూడా రాయలేం. అంకెలు కూడినంత మాత్రాన ఇంత దూరం రావచ్చని పిల్లలకు చెప్తే వాళ్ళ మొహాలు వెలిగిపోతాయి.

ఇక 7, 11, 13. ఈ మూడింటికీ స్కూల్లో విడివిడిగా సూత్రాలు చెప్తారు, 7 సూత్రం ఎవరికీ గుర్తుండదు. మూడింటికీ కలిపి ఒకటే పద్ధతి ఉంది, నాకు బాగా ఇష్టమైనది. 7 × 11 × 13 = 1001. అంటే 1000 అనేది 1001 కంటే ఒకటి తక్కువ. అందుకని సంఖ్యను కుడివైపు నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి, ఒకదాన్ని కూడుతూ తర్వాతదాన్ని తీసేస్తూ పోతే మిగిలేదానికి 7, 11, 13తో వచ్చే శేషం, అసలు సంఖ్యకు వచ్చే శేషం ఒకటే. మన సంఖ్యలో గుంపులు 560, 001. 001 నుంచి 560 తీసేస్తే −559. గుర్తు వదిలేసి 559ని చూడండి: 13 × 43. 7తో పోదు, 11తో పోదు, 13తో పోతుంది. ఒక్క తీసివేతతో మూడు ప్రశ్నలు తేలిపోయాయి.

తీసేసే బదులు గుంపులను కూడితే 999కి చెందిన జవాబులు వస్తాయి. 999 అంటే 27 × 37, కాబట్టి 37కి పరీక్ష దొరికినట్టే. 560 + 1 = 561, ఇది 37తో పోదు. ఈ 561 అనే సంఖ్యను మాత్రం పక్కన రాసిపెట్టుకోండి, దాంతో తర్వాత పని ఉంది.

ఎక్కడిదాకా వెతకాలి

560001కి వర్గమూలం 748కి కాస్త పైన ఉంటుంది, 748 × 748 = 559504. ఒక సంఖ్య రెండు సంఖ్యల లబ్ధం అయితే వాటిలో ఒకటి వర్గమూలాన్ని దాటదు, రెండూ దాటితే లబ్ధం ఎక్కువైపోతుంది కదా. అందుకని 748 లోపున్న ప్రధాన సంఖ్యలు ప్రయత్నిస్తే చాలు. అవి 132 ఉన్నాయి. వినడానికి టెన్షన్‌గా ఉంటుంది గానీ అన్నీ చెయ్యాల్సిన అవసరం ఎప్పుడో గానీ రాదు, ఎందుకంటే ఒక కారణాంకం దొరకగానే దాన్ని తీసేసి చిన్న సంఖ్యతో ముందుకు పోతాం, హద్దు కూడా వెంటనే దిగిపోతుంది. దొరికినదాన్ని పక్కన రాసుకుని పాత పెద్ద సంఖ్యనే భాగిస్తూ కూర్చునేవాళ్ళను చూస్తుంటాను, అలా చెయ్యకండి.

3తో భాగిస్తే 186667. దాన్ని 13తో భాగిస్తే 14359. ఇప్పుడు 14359కి వర్గమూలం 120 కంటే కొంచెం తక్కువ (120 × 120 = 14400). హద్దు 748 నుంచి 119కి దిగింది. 13 మళ్ళీ పోతుందేమో ఒకసారి చూడాలి, 13 × 1104 = 14352, శేషం 7, పోదు. మిగిలినవి 17, 19, 23, 29 అలా 113 వరకు.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి వరుసగా భాగించుకుంటూ పోవడం. 17కి శేషం 11, 19కి 14, 23కి 7, 29కి 4, 31కి 6, 37కి 3, ఇలా పోతే 79 దాకా ఏదీ పోదు, 83 దగ్గర సరిగ్గా పోతుంది. అంటే 17 నుంచి మొదలుపెట్టి పదిహేడో భాగహారంలో జవాబు. ఓపిక ఉంటే ఇది చాలు, తప్పేమీ లేదు.

రెండో దారి ఫెర్మా చూపించినది, పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో ఉన్న లాయరు ఆయన, లెక్కలు సరదాకి చేసుకునేవాడు. ఆలోచన ఇది: బేసి సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాయగలిగితే దాన్ని రెండు వర్గాల తేడాగా కూడా రాయొచ్చు. మనం స్కూల్లో నేర్చుకున్న సూత్రమే, రెండు వర్గాల తేడా అంటే ఆ రెంటి మొత్తాన్ని వాటి తేడాతో గుణించడమే. కాబట్టి భాగించడం మానేసి, వర్గమూలానికి పైన ఉన్న మొదటి సంఖ్య నుంచి వర్గాలు తీసుకుంటూ, అందులోంచి మన సంఖ్యను తీసేసి, మిగిలింది వర్గమా కాదా చూడాలి.

120 వర్గం 14400, తీసేస్తే 41. వర్గం కాదు. 121 వర్గం 14641, తీసేస్తే 282. 122కి 525. 123కి 770. 124కి 1017. 125కి 1266. 126కి 1517. 127కి 1770. 128 వర్గం 16384, తీసేస్తే 2025. అది 45 వర్గం! అయిపోయింది. 128 − 45 = 83, 128 + 45 = 173. పదిహేడు భాగహారాల బదులు తొమ్మిది తీసివేతలు.

ఆ తొమ్మిదిలో కూడా చాలావాటిని ఆలోచించకుండానే కొట్టెయ్యొచ్చు. వర్గం ఎప్పుడూ 2, 3, 7, 8తో ముగియదు, కాబట్టి 282, 1017, 1517 వెంటనే పోతాయి. సున్నాతో ముగిసే వర్గానికి చివర రెండు సున్నాలుండాలి, 770, 1770 పోతాయి. 6తో ముగిసే వర్గంలో పదుల స్థానం బేసి అంకె అయ్యుండాలి, 1266లో అది 6, పోతుంది. నిజంగా ఆగి చూడాల్సినవి 41, 525, 2025 మూడే. 525 అనేది 22 వర్గం 484కీ 23 వర్గం 529కీ మధ్య పడుతుంది. ఈ చివరి అంకెల జల్లెడ అలవాటైతే పని పరుగులు పెడుతుంది.

కానీ ఈ పద్ధతి ఎప్పుడూ గెలవదు. రెండు కారణాంకాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటేనే లాభం. 3, 13 తియ్యకుండా నేరుగా 560001 మీదే వాడితే 749 నుంచి మొదలై 799 దాకా పోవాలి, అక్కడ 799 వర్గంలోంచి 560001 తీసేస్తే 78400 వస్తుంది, అది 280 వర్గం. యాభై ఒక్క అడుగులు, పైగా వచ్చేది 519 × 1079, వాటిని మళ్ళీ విడగొట్టాలి. అందుకే ముందు చిన్న కారణాంకాలు తీసెయ్యమనేది. ముందు శుభ్రం చేసుకుని తర్వాత ఫెర్మా దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు 83, 173 ప్రధాన సంఖ్యలేనా? 173కి వర్గమూలం 13కి కాస్త పైన, 13 వరకు ఏదీ దాన్ని భాగించదు. 83కి 7 దాకా చూస్తే చాలు. రెండూ ప్రధాన సంఖ్యలే. కాబట్టి

560001 = 3 × 13 × 83 × 173

రాసింది సరిచూసుకోవడం

మళ్ళీ గుణించి చూడటం ఒక దారి, పెద్ద సంఖ్యలకు అది విసుగు. 9తో శేషాలు చూడటం పాతకాలం నుంచి ఉన్న పద్ధతి: ఒక్కో కారణాంకానికి అంకెలు కూడి ఒకే అంకెకు తెచ్చుకుంటే 3, 4, 2, 2. వీటి లబ్ధం 48, అంటే 12, అంటే 3. అసలు సంఖ్యకు 12, అంటే 3. కుదిరింది.

అయితే ఇది ఒక రకం తప్పును అస్సలు పట్టుకోదు, అంకెలు తారుమారు అవ్వడాన్ని. చేత్తో లెక్క చేసేటప్పుడు అందరికీ ఎక్కువగా జరిగేది అదే. 173 బదులు 137 రాశారనుకోండి, అంకెల మొత్తం మారదు, 9 పరీక్ష ఓకే అనేస్తుంది. అందుకని 11తో కూడా చూడాలి. కుడినుంచి అంకెలను ఒకటి కూడి ఒకటి తీసేస్తూ పోతే 560001కి 1 − 0 + 0 − 0 + 6 − 5 = 2. కారణాంకాలకు 11తో శేషాలు 3, 2, 6, 8. వాటి లబ్ధం 288, 11తో భాగిస్తే శేషం 2. సరిపోయింది. 137 పెట్టి చూస్తే దాని శేషం 5, లబ్ధం 180, శేషం 4 వస్తుంది, తప్పు బయటపడుతుంది. 9, 11 రెండూ కలిపి చూస్తే సాధారణంగా దొర్లే తప్పుల్లో చాలామటుకు దొరికిపోతాయి. ఏ లెక్కకైనా ఈ రెండు పరీక్షలూ చెయ్యమని పిల్లలతో పట్టుబడతాను.

ఇప్పుడు అసలు పంట

నాలుగు ప్రధాన కారణాంకాలు, ఒక్కొక్కటీ ఒక్కసారే. ప్రతిదాన్నీ తీసుకోవచ్చు, మానెయ్యొచ్చు, అంటే 2 × 2 × 2 × 2 = 16 కారణాంకాలు. 1, 3, 13, 39, 83, 173, 249, 519, 1079, 2249, 3237, 6747, 14359, 43077, 186667, 560001. వీటిని మొదటిదీ చివరిదీ, రెండోదీ చివరినుంచి రెండోదీ అలా జతలుగా గుణిస్తే ప్రతిసారీ 560001 రావాలి. రాకపోతే ఏదో వదిలేశారని అర్థం.

మొత్తం కావాలంటే పదహారూ కూడక్కర్లేదు. (1 + 3) × (1 + 13) × (1 + 83) × (1 + 173), అంటే 4 × 14 × 84 × 174 = 818496. ఇందులోంచి సంఖ్యను తీసేస్తే 258495. సంఖ్య కంటే ఇది తక్కువ. తనను వదిలేసి మిగతా కారణాంకాల మొత్తం సరిగ్గా సంఖ్యకే సమానమైతే దాన్ని పరిపూర్ణ సంఖ్య అంటారు, 6, 28, 496 లాంటివి. మనది ఆ గీతకు చాలా కింద ఉంది.

దీనితో ఉమ్మడి కారణాంకం ఏదీ లేని సంఖ్యలు 1 నుంచి 560001 మధ్య ఎన్ని? ఒక్కో ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేసి గుణించండి: 2 × 12 × 82 × 172 = 338496. నూటికి అరవై పైన. ఇది పద్దెనిమిదో శతాబ్దపు గణితవేత్త ఆయిలర్ కనిపెట్టిన లెక్క.

నాకు బాగా నచ్చేది తర్వాతది. 1ని 560001తో భాగిస్తే దశాంశాలు ఎప్పుడు తిరిగి మొదలవుతాయి? భాగిస్తూ కూర్చోక్కర్లేదు. 2, 5 కారణాంకాలుగా లేవు కాబట్టి దశాంశ బిందువు తర్వాత మొదటి అంకె నుంచే ఆవర్తనం మొదలవుతుంది. 3కి ఆవర్తనం ఒక అంకె, 13కి 6 అంకెలు, 83కి 41, 173కి 43. వీటి క.సా.గు. 6 × 41 × 43 = 10578. అంటే పదివేల ఐదువందల డెబ్బై ఎనిమిది అంకెలు నడిచాక గానీ మొదటికి రాదు. ఈ 10578 పైన వచ్చిన 338496ని నిశ్శేషంగా భాగించి తీరాలి, ఆయిలర్ సిద్ధాంతం అదే చెప్తుంది. భాగించి చూడండి, సరిగ్గా 32. రెండు వేరు వేరు దారుల్లో వచ్చిన సంఖ్యలు ఇలా కలిసినప్పుడు కలిగే సంతోషం కోసమే ఈ పనంతా చెయ్యొచ్చు.

వర్గాల సంగతి. రెండు వర్గాల మొత్తం కాదని మొదట్లోనే తేలింది. పూర్తి సూత్రం ఏమిటంటే, 4తో భాగిస్తే 3 శేషం వచ్చే ప్రధాన సంఖ్యలు సరిసంఖ్యలో సార్లు మాత్రమే ఉండాలి. ఇక్కడ 3, 83 రెండూ అలాంటివే, రెండూ ఒక్కోసారే ఉన్నాయి. మూడు వర్గాలైతే? చివరి మూడంకెలు 001, కాబట్టి 8తో శేషం 1. 4తో పోని సంఖ్యకు 8తో శేషం 7 వస్తేనే అడ్డు, లేకపోతే మూడు వర్గాలు చాలని ఫ్రెంచి గణితవేత్త లెజాండ్రే నిరూపించాడు. వెతికితే దొరుకుతుంది: 746 వర్గం 556516, 59 వర్గం 3481, 2 వర్గం 4. కూడండి.

సాఫ్ట్‌వేర్‌వాళ్ళు అడుగుతారు కాబట్టి బైనరీ కూడా: 10001000101110000001. ఇరవై బిట్లు, అందులో ఏడు ఒకట్లు.

పక్క పిన్‌కోడ్‌లతో పోల్చి చూస్తే

భారతదేశంలో పిన్‌కోడ్ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది, దాన్ని రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలంకర్. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. కాబట్టి మన ఊరి పిన్‌కోడ్, బెంగళూరు పిన్‌కోడ్ ఒకే లక్షల్లో ఉంటాయి, పోల్చుకోవడానికి బాగుంటుంది.

బెంగళూరువాళ్ళకు ఒక చిన్న వెసులుబాటు. 560000 అనేది 7 ఎక్కంలో పోతుంది, 56 పోతుంది కాబట్టి. అందుకని 560తో మొదలయ్యే ఏ పిన్‌కోడ్‌కైనా 7తో పోతుందా అని చూడాలంటే చివరి మూడంకెలు చూస్తే చాలు. బనశంకరి రెండో స్టేజ్ 560070. 70 పోతుంది, కాబట్టి అదీ పోతుంది. 70తో భాగిస్తే 8001, అది 63 × 127. అంటే 560070 = 2 × 3 × 3 × 5 × 7 × 7 × 127. ఘాతాలు వేరుగా ఉన్నప్పుడు లెక్క ఇలా: ప్రతి ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు ఉందో దానికి ఒకటి కలిపి గుణించాలి. 2 × 3 × 2 × 3 × 2 = 72 కారణాంకాలు. జీపీఓకి 16, దానికి 69 దూరంలో ఉన్న బనశంకరికి 72. తనను వదిలేసి దాని కారణాంకాలన్నీ కూడితే 1147194, సంఖ్యకు రెట్టింపు కంటే ఎక్కువ. పక్కపక్కనే ఉన్న సంఖ్యల స్వభావాలు ఎంత వేరుగా ఉంటాయో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇలా కారణాంకాలు పుష్కలంగా ఉన్న సంఖ్యల మీద 1915లో పెద్ద వ్యాసం రాసినవాడు శ్రీనివాస రామానుజన్, మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా చేసి కేంబ్రిడ్జి వెళ్ళిన మన పక్క ఊరి మనిషి. తన కంటే చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యలను ఆయన పట్టిక వేశాడు. మన సంఖ్యకు కింద దగ్గర్లో ఉన్న అలాంటిది 554400, దానికి 216 కారణాంకాలు. 1917లో కేంబ్రిడ్జి గణితవేత్త హార్డీతో కలిసి, మామూలు సంఖ్యకు ఎన్ని వేర్వేరు ప్రధాన కారణాంకాలు ఉంటాయో కూడా చెప్పాడు. ఈ సైజులో అవి సాధారణంగా రెండో మూడో ఉంటాయి, మన 560001కి నాలుగు. కొంచెం ఎక్కువే.

హైదరాబాద్ జీపీఓ 500001 తీసుకోండి. అంకెల మొత్తం 6, 3తో పోతుంది, 166667 వస్తుంది. 001 − 500 = −499, అది 7, 11, 13 దేనితోనూ పోదు. అక్కడినుంచి గోడ. 408 దాకా ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యనూ ప్రయత్నించాలి, ఒక్కటీ పోదు, ఎందుకంటే 166667 ప్రధాన సంఖ్య. సైజు అదే అయినా కష్టం ఎన్నో రెట్లు. ప్రధాన సంఖ్య అని నిరూపించాలంటే ప్రతి తలుపూ తట్టి రావాలి, అందుకే ఇంకా పెద్ద సంఖ్యలకు వేరే మార్గం కావాల్సి వచ్చింది.

ఇంకా పెద్దవి వస్తే

ఆ మార్గానికి మూలం కూడా ఫెర్మాదే. ప్రధాన సంఖ్యను తీసుకుని, దానితో పోని ఏ సంఖ్యనైనా ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి భాగిస్తే శేషం 1 వస్తుంది. కాబట్టి శేషం 1 రాకపోతే ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదని, ఒక్క కారణాంకమూ తెలియకుండానే చెప్పెయ్యొచ్చు. కానీ శేషం 1 వచ్చినంత మాత్రాన ప్రధాన సంఖ్య అనుకోకూడదు. పక్కన పెట్టిన 561 గుర్తుందా? 3 × 11 × 17. దానితో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యను తీసుకుని 560వ ఘాతానికి పెంచినా శేషం 1 వస్తుంది, అచ్చం ప్రధాన సంఖ్యలాగే. ఇలాంటివాటిని కార్మైకేల్ సంఖ్యలంటారు, అన్నిటికంటే చిన్నది ఇదే. అందుకే కంప్యూటర్లు ఈ పరీక్షను ఇంకొంచెం కట్టుదిట్టం చేసి, మిల్లర్-రాబిన్ పరీక్షగా వాడతాయి. సందేహానికి తావు లేకుండా, సంఖ్య పెరిగినా సమయం అదుపు తప్పకుండా తేల్చే పద్ధతిని 2002లో ఐఐటీ కాన్పూర్‌కు చెందిన మణీంద్ర అగ్రవాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా ఇచ్చారు. ఆ పని ఇక్కడ, మన దేశంలో జరిగిందని పిల్లలకు తప్పకుండా చెప్పండి.

ప్రధాన సంఖ్యా కాదా అని తేల్చడం ఇలా తేలికైంది గానీ, విడగొట్టడం ఇప్పటికీ కష్టమే. 250 అంకెల ఒక సవాలు సంఖ్యను విడగొట్టింది 2020 ఫిబ్రవరిలో, అదీ బోలెడు కంప్యూటర్లు కలిసి. ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతి ఈ కష్టం మీదే నిలబడి ఉంది.

అయితే సంఖ్యకు ప్రత్యేకమైన ఆకారం ఉంటే చెయ్యి కూడా గెలుస్తుంది. 2 యొక్క 32వ ఘాతానికి ఒకటి కలిపితే 4294967297, ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు, 1732లో ఆయిలర్ 641 × 6700417 అని చూపించాడు. ఆయన గుడ్డిగా భాగించలేదు, ఆ ఆకారం ఉన్న సంఖ్యకు కారణాంకాలు 64తో భాగిస్తే 1 శేషం వచ్చేవే ఉండాలని ముందే తేల్చుకున్నాడు. అలాగే ప్రోగ్రామర్లందరికీ తెలిసిన 2147483647, అంటే 2 యొక్క 31వ ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది. దీని కారణాంకాలు 248తో భాగిస్తే 1 గానీ 63 గానీ శేషం వచ్చేవై ఉండాలి, అలాంటివి మాత్రమే ప్రయత్నించి ఆయిలర్ 1772లో ఇది ప్రధాన సంఖ్య అని ప్రకటించాడు. సంఖ్య ఎలా పుట్టిందో తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మనమూ ఒక పన్నెండంకెల సంఖ్యతో ఇదే చెయ్యొచ్చు. 560001ని రెండుసార్లు పక్కపక్కన రాయండి, 560001560001. భయపడక్కర్లేదు, ఇది 560001 × 1000001. వెనక భాగం 101 × 9901, 9901 ప్రధాన సంఖ్య, దానికి 97 వరకు చూస్తే సరిపోతుంది. అంటే మొత్తం 3 × 13 × 83 × 101 × 173 × 9901, 64 కారణాంకాలు. యాభై ఆరు వేల కోట్ల సంఖ్య, ఒక చిన్న కాగితం మీద.

చెన్నైలో ఉన్నవాళ్ళు తమ జీపీఓ 600001తో మొదలుపెట్టండి. 560001కీ దానికీ తేడా 40000, అందులో 2, 5 తప్ప ఏమీ లేవు, ఈ రెండు సంఖ్యలూ వాటితో పోవు, కాబట్టి రెంటి గ.సా.భా. 1. బెంగళూరు కారణాంకాలేవీ అక్కడ పనికిరావు, కొత్తగా వెతకాలి. 7, 11, 13 పోవు. 19 దగ్గర మొదటిది దొరికి 31579 మిగులుతుంది, హద్దు 177కి దిగుతుంది. 23 పెట్టండి, 1373 వస్తుంది. దానికి 37 వరకు చూసి ఆపెయ్యొచ్చు.